ఉమ్మడి చిట్టాలో మన పేరు



ఈ పూట నేను చెప్పబోయేది వంటింటి సంగతి కాదు, పుస్తకాల సంగతి. కథల పుస్తకాలు కావు లెండి, మన పేర్లు రాసి ఉండే సర్కారు పుస్తకాలు. మీ పేరు ఎన్ని చోట్ల రాసి ఉందో ఎప్పుడైనా లెక్క వేసుకున్నారా? నేనొక మధ్యాహ్నం కూర్చుని వేళ్ళు మడిచాను. బియ్యం కార్డులో ఒకటి, ఓటర్ల జాబితాలో ఒకటి, ఆధార్‌లో ఒకటి. బ్యాంకులో, పొదుపు సంఘంలో, పొలం తాలూకు అడంగల్‌లో, గ్యాసు కంపెనీలో, పిల్లలు కడుపున ఉన్నప్పుడు నర్సమ్మ రాసుకున్న పుస్తకంలో, అంగన్‌వాడీ రిజిస్టరులో... రెండు చేతుల వేళ్ళూ చాలలేదు. తమాషా ఏమిటంటే, వీటిలో నా పేరు మూడు రకాలుగా ఉంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనక, ఒకచోట అసలు లేనే లేదు. నా పదో తరగతి సర్టిఫికెట్టులో ఉన్నది పుట్టింటి పేరు, అది సరేసరి.

మా వీధిలో పెద్దవాళ్ళ ఆధార్ కార్డులు చూస్తే మరీ నవ్వొస్తుంది. ఎంతోమంది జనవరి ఒకటో తేదీనే పుట్టారు! పుట్టినరోజు తెలియక వయసు మాత్రం చెప్పినవాళ్ళకు యంత్రం తనంతట తాను ఆ తేదీ వేసేసిందన్నమాట.

మా నాయనమ్మ కాలంలో ఇంత బెడద లేదు. ఊరికొక కరణం, ఆయన దగ్గరొక చిట్టా. ఎవరి పొలం ఎన్ని సెంట్లు, ఎవరు ఎవరి కొడుకు, ఏ ఇంట్లో ఎవరు పోయారు అన్నీ ఆయన నాలుక చివర ఉండేవట. 1984లో ఆ కరణీకాలు రద్దయ్యాయి. రద్దు కావటం మంచిదే. ఒక్క మనిషి కలం కింద ఊరంతా ఉంటే ఏమవుతుందో మా తాతగారు కథలు కథలుగా చెప్పేవారు. కాని ఆ తరవాత ఏ శాఖకు ఆ శాఖ పుస్తకం పెట్టుకుని, ఒకరి పుస్తకం ఇంకొకరు చూడకుండా పోయారు. భర్త పోయిన మనిషి అదే కాగితం అయిదు కిటికీల దగ్గర అయిదుసార్లు ఇచ్చుకోవాలి. ఆ తిరుగుడు మనలో ఎవరికి తెలియదు?

అందుకని ఈ పుస్తకాలన్నీ కలిపి ఒక్కటి చెయ్యాలన్న ప్రయత్నం మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పదేళ్ళ పైబడి నడుస్తున్నది. తెలంగాణలో 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో ఇంటింటికీ తిరిగి సమగ్ర కుటుంబ సర్వే చేశారు. మన దగ్గర 2016 జులైలో ప్రజా సాధికార సర్వే మొదలైంది. మా ఇంటికీ ఇద్దరు వచ్చారు, ట్యాబు పట్టుకుని. సిగ్నలు రాక గంటసేపు అరుగు మీద కూర్చుంటే మజ్జిగ ఇచ్చాను. ఆ తరవాత 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద 15,004. యాభై ఇళ్ళకొక వాలంటీరు. ఏ ఇంట్లో ఎవరెవరున్నారు, పొలమెంత, కారున్నదా, ఆదాయపు పన్ను కడుతున్నారా, సర్కారు ఉద్యోగి ఎవరైనా ఉన్నారా, నెలకు కరెంటు ఎంత కాలుస్తున్నారు, ఇవన్నీ కంప్యూటరులో ఒకే కుటుంబం కింద చేర్చటం అప్పుడే జరిగింది. వాలంటీర్లు ఇప్పుడు లేరు. 2024 జులై నుంచి పింఛను సచివాలయం ఉద్యోగులే ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. మనుషులు మారారు గాని, చిట్టా అవసరం పోలేదు.

ఈ ఉమ్మడి చిట్టాకు నేను వ్యతిరేకిని కాను. మీ అందరికీ తెలిసిందే, మిరప కోతల కాలంలో కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు మన వైపు వస్తాయి. ‘సుగ్గికి పోతున్నాం’ అంటారు వాళ్ళు. పూర్వం వాళ్ళ బియ్యం కార్డు వాళ్ళ ఊళ్ళో తాళం వేసిన ఇంట్లోనే ఉండిపోయేది. ఇక్కడ కూలి డబ్బులు పెట్టి బియ్యం కొనుక్కునేవాళ్ళు. ఇప్పుడు మన చౌకడిపోలో వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. 2019 ఆగస్టు నుంచి తెలంగాణకు వెళ్ళినవాళ్ళకూ ఆ వెసులుబాటు వచ్చింది. పుస్తకాలు కలవకపోతే ఇది జరిగేదా? కాకపోతే రోజంతా మిరపకాయలు కోసిన వేలు కదా, గీతలు అరిగిపోయి యంత్రం ఒక్కోసారి ‘నువ్వు నువ్వు కావు’ అంటుంది. అదింకో బాధ.

ఇక నా మనసులో ఉన్న అసలు సంగతికి వస్తాను. ఇందులో తప్పు నాది కూడా ఉంది, ముందే చెబుతున్నాను.

మాది చిలకలూరిపేట. మా ఇంటి వెనక ఒక గది ఉంది. అందులో ఒక మామ్మగారు అద్దెకుంటారు. ఆవిడది ప్రకాశం జిల్లా, దర్శి అవతల మెట్ట పల్లె. భర్త పోయాక కూతురి కోసం ఇటు వచ్చారు. కూతురూ పోయింది, ఆవిడ ఇక్కడే ఉండిపోయారు. చాలా ఏళ్ళు మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్ళారు. ఇప్పుడు చూపు ఆనదు. పింఛనే ఆధారం. అద్దె అని నామకార్థం ఏదో ఇస్తారు. వద్దంటే ఊరుకోరు.

2019లో వాలంటీరు అబ్బాయి వివరాలు రాసుకోవటానికి వచ్చాడు. మా వీధి కుర్రాడే. ‘పిన్నిగారూ, మామ్మగారి గదికి కరెంటు బిల్లు ఏదండీ?’ అని అడిగాడు. నేను పొయ్యి మీద చారు పెట్టి వచ్చాను. ‘దానికి వేరే మీటరెక్కడిది నాయనా, మాదే రాసుకో’ అని బిల్లు తెచ్చి చేతిలో పెట్టాను. అతను సర్వీసు నెంబరు కొట్టుకున్నాడు. చారు పొంగిపోయింది, నేను లోపలికి పరుగెత్తాను. అంతే సంగతి.

ఆ మరుసటి సంవత్సరాలలో మా అబ్బాయి ఏ.సి. పెట్టించాడు. నీళ్ళ మోటారు, ఫ్రిజ్జు ఎలాగూ ఉన్నాయి. 2022 చివర మామ్మగారి పేరున ఒక కాగితం వచ్చింది. నెలకు సగటున 300 యూనిట్లకు మించి కరెంటు వాడుతున్న కుటుంబం గనుక పింఛనుకు అనర్హులని. అప్పట్లో నియమం అది. ఆవిడ గదిలో ఉన్నది ఒక బల్బు, ఒక ఫ్యాను!

నాకు ఈ సంగతి ఎలా తెలిసిందనుకుంటున్నారు? ఆవిడ చెప్పలేదు. వరసగా నాలుగు రోజులు పొద్దుగూకినా గదిలో దీపం లేదు. బల్బు పోయిందేమోనని కొత్తది తీసుకుని వెళ్ళాను. చీకట్లో మంచం మీద కూర్చుని ఉన్నారు. ‘బల్బు బాగానే ఉందమ్మాయ్. కరెంటు ఎక్కువ కాల్చానంట, పింఛను ఆపుతారంట. అందుకని వెయ్యట్లేదు’ అన్నారు. మిణుకుమనే ఆ ఒక్క దీపానికే అంత కరెంటు అయిందని ఆవిడ నమ్మారు. ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో ఏ.సి. తిరుగుతూనే ఉంది. కాగితం చదివి నాకు నోట మాట రాలేదు.

మర్నాడు ఇద్దరం బయల్దేరాం. మొదట వెళ్ళిన చోట అమ్మాయి మర్యాదగానే చూసింది. ‘కంప్యూటరు ఇలాగే చూపిస్తోంది మేడమ్, ఇది కరెంటు వాళ్ళ దగ్గర నుంచి వచ్చిన లెక్క. వాళ్ళే మార్చాలి’ అంది. రెండో చోట ‘మా లెక్కలో తప్పేముందమ్మా, మీ మీటరు మీ పేరునే ఉంది, అన్ని యూనిట్లూ కాలిన మాట నిజమే. ఆవిణ్ణి మీ మీటరుకు తగిలించింది మేము కాదు’ అన్నారు. నిజమే, వాళ్ళ పుస్తకంలో తప్పు లేదు. మొదటి చోట పుస్తకంలోనూ మనుషులు సరిగానే ఉన్నారు. తప్పు ఉన్నది ఏ పుస్తకంలోనూ కాదు, రెంటినీ కలిపి కుట్టిన చోట! ఆ కుట్టు ఎవరు విప్పాలి? మూడో చోటికి వెళ్ళండి అన్నారు. అక్కడికి వెళితే మళ్ళీ మొదటి చోట అర్జీ పెట్టమన్నారు.

నాకు ఇంతకాలం అర్థం కానిది ఆ ఎండలో ఆటో కోసం నిలబడ్డప్పుడు అర్థమైంది. పుస్తకాలు కలిపారు గాని, తప్పు దిద్దే కిటికీలు కలపలేదు. ఇవ్వటానికి, ఆపటానికి ఒకే చిట్టా. దిద్దటానికి మాత్రం పాతకాలంలో మాదిరే నాలుగు దిక్కులు. పూర్వం ఒక పుస్తకంలో పేరు తప్పయితే ఒక పనే ఆగేది. ఇప్పుడు ఒక్క తప్పు అన్ని తలుపులూ ఒక్కసారే మూసేస్తుంది.

చివరికి నేనే ఇంటి యజమానురాలిగా ఒక ఉత్తరం రాశాను, ఈవిడ మా కుటుంబం కాదు, వెనక గదిలో అద్దెకున్న మనిషి అని. ఒక ఉద్యోగి ఇంటికి వచ్చి గది చూసి, బల్బు వంక, ఫ్యాను వంక చూసి, ఫోటో తీసుకుని వెళ్ళారు. ఆయన చూసింది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల చూపు కోసం రెండు నెలల పింఛను పోయింది. నెలకు 2,500 రూపాయలు అప్పట్లో. మందుల షాపులో అప్పు పెట్టారు. నేను ఇస్తానంటే పుచ్చుకోలేదు. నా మీద కోపం లేదు గాని, ఆ రెండు నెలలూ మా ఇంటి కాఫీ కూడా ముట్టలేదు. సొమ్ము సర్కారు ఇస్తే తీసుకోవచ్చు, ఇరుగుపొరుగు పెడితే మాట పడాలి అని ఆవిడ లెక్క.

మామ్మగారొక్కరికే ఇలా జరిగిందనుకోకండి. తెలంగాణలో 2016లో కంప్యూటరు జల్లెడ పట్టి సుమారు 19 లక్షల ఆహార భద్రత కార్డులు తీసేశారు. ఇంటికి వెళ్ళి చూడకుండా తీసేశారని వ్యాజ్యం నడిచి, 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇంటింటికీ వెళ్ళి విచారించి చూడమని చెప్పింది. కార్డు పోయిన ఇల్లు అన్నేళ్ళు బియ్యం ఎలా కొనుక్కున్నదో ఆ ఇంటి ఆడవాళ్ళనే అడగాలి.

మా చెల్లెలి కూతురు మెల్‌బోర్న్‌లో ఉంటుంది. ఫోనులో దానికీ కథ చెబితే, ‘ఇక్కడా ఇంతే జరిగింది పెద్దమ్మా’ అంది. ఆస్ట్రేలియాలో పన్నుల శాఖ పుస్తకాన్నీ, సహాయం ఇచ్చే శాఖ పుస్తకాన్నీ కలిపి, ఏడాది సంపాదనను రెండేసి వారాలకు సమానంగా పంచేసి, ‘నువ్వు ఎక్కువ తీసుకున్నావు, తిరిగి కట్టు’ అని లక్షల మందికి తాఖీదులు పంపారట. కూలి పని సమానంగా ఉంటుందా చెప్పండి? మన మిరప కూలి వేసవిలో ఉంటుంది, శ్రావణంలో ఉండదు. రోబోడెట్ అని పేరు పెట్టి జనం తిట్టుకున్నారు. 2023లో విచారణ సంఘం అది చట్టవిరుద్ధమనీ, క్రూరమనీ తేల్చింది. అంత చదువుకున్న దేశంలో కూడా మనిషి మాట కన్నా సగటు లెక్కనే నమ్మారు.

ఇంకొక్క మాట. మామ్మగారి పని మీద వెళ్ళినప్పుడు తెర మీద మా ఇంటి వివరాలన్నీ బారుగా కనబడ్డాయి. వెనక నిలబడ్డవాళ్ళూ చూస్తున్నారు. మాకు దాచుకునేదేమీ లేదు కాబట్టి సరిపోయింది. భర్త కొడితే కేసు పెట్టుకున్న మనిషి సంగతి, రోగానికి మందులు తీసుకుంటున్న మనిషి సంగతి కూడా రేపు ఇందులోకే వస్తే? మనం పోపుల డబ్బాలో ఆవాలూ, మెంతులూ, జీలకర్రా ఒకే మూత కింద పెట్టుకుంటాం, కాని ఏ గిన్నె దానిదే. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు చెప్పారు. అదే ఏడు హెచ్.ఐ.వి. ఉన్నవారి వివరాలు బయటపెట్టకూడదని చట్టమూ వచ్చింది. సచివాలయంలో కూర్చునేది మన ఊరివాళ్ళే, మన చుట్టాలే కావచ్చు. పింఛను రాసే మనిషికి రోగం పేరుతో పనేమిటి?

అధికారులు వింటుంటే నేను కోరేది పెద్దదేమీ కాదు. ముందు ఆపి తరవాత విచారించటం కాకుండా, ముందు ఇంటికి వచ్చి చూసి తరవాత ఆపండి. అర్జీ తేలేదాకా ఇచ్చేది ఇస్తూ ఉండండి. అర్జీ తీసుకున్న కిటికీయే ఆ కుట్టు విప్పించే బాధ్యత కూడా తీసుకోవాలి.

ఇక మనవైపు. ఎవరైనా వివరాలు రాసుకోవటానికి వస్తే, చారు పొంగితే పొంగనివ్వండి. పొయ్యి కట్టేసి వచ్చి, రాసినదంతా పైకి చదివించుకోండి. కాపరం వేరైన కొడుకు పేరు మీ కార్డులో ఉందేమో, పోయినవారి పేరు ఇంకా ఉందేమో, కౌలుకిచ్చిన పొలం, కౌలుకు తీసుకున్న పొలం ఎవరి పేరున పడిందో చూసుకోండి. అద్దెకున్నవాళ్ళుంటే వాళ్ళదీ చూడండి. వాళ్ళు అడగలేరు.

ఆ ఏడు ఉగాది వెళ్ళాక వెనక గదికి వేరే మీటరు పెట్టించాం. మామ్మగారికి అక్షరాలు రావు. అయినా ప్రతి నెలా బిల్లు రాగానే నా దగ్గరకు తెచ్చి, ‘ఎన్ని అమ్మాయ్?’ అని అడుగుతారు. పద్దెనిమిది, ఇరవై, వేసవిలో ముప్ఫై. అది విని, బిల్లు మడతపెట్టి ట్రంకు పెట్టెలో పింఛను పుస్తకం కింద దాచుకుంటారు. అన్ని నెలలవీ ఉన్నాయి. దీపం మాత్రం ఇప్పటికీ బాగా పొద్దుపోయాకనే వేస్తారు.