ఇంటి తెరపై పెండ్లిచూపులు

కైకలూరు ప్రాంతమున పెండ్లిచూపులకు వచ్చిన పెద్దలు కాఫీ చల్లారకముందే చేపల చెరువులెన్ని యెకరములని విచారింతురు. అది అమర్యాదయని మనలో ఎవరును తలంపరు. ఇట్టి మర్యాదలను నవ్వుతో పరీక్షించు చిత్రము "పెళ్ళి చూపులు".

తరుణ్ భాస్కర్ దర్శకత్వమున, పెద్ద తారలు లేకుండ, స్వల్పవ్యయముతో నిర్మితమైన యీ చిత్రము 2016 జూలై 29న విడుదలైనది. ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారమును బడసినది. చూపులకు వచ్చిన యువకుడు ప్రశాంత్, వధువు చిత్ర ఒకే గదిలో చిక్కుకొందురు. తలుపు తెరచుకొనదు. తప్పనిసరియై ఒకరి కథ ఒకరికి చెప్పుకొందురు. వంటపై మక్కువ గల వరుడు. స్వంత వ్యాపారమును కోరు వధువు. తీరా తలుపు తెరచుకొన్న పిదప, వారు వచ్చినది వేరొకరి యింటికని తేలును!

హాలులో మేము పరుల తెలివితక్కువకు నవ్వితిమి. ఇంటి తెరపై చూచునపుడు ప్రక్కనే పెండ్లికెదిగిన అమ్మాయి కూర్చుండినది. నవ్వు సగములో ఆగిపోయినది. వరకట్న నిషేధచట్టము 1961లోనే వచ్చినను, ఆమె యిష్టమును ముందుగా అడిగిన యిండ్లు మన యెరుకలో ఎన్ని?

హాలులో లేని సౌకర్యమొకటి ఇంటిలో కలదు: చిత్రమును నిలుపవచ్చును. ఆ తలుపు మూసికొన్న ఘట్టమున ఒక్క నిమిషము నిలిపి, అమ్మాయి యేమనునో విందము.