మధ్యాహ్నం పెరిగే షుగరు

పొద్దున టిఫిన్ తర్వాత వేసుకున్న ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ బిళ్ల రక్తంలో చక్కెరను ముఖ్యంగా మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా పెంచుతుంది. తెల్లవారేసరికి ఆ ప్రభావం చాలావరకు దిగిపోతుంది. పరగడుపున మాత్రమే పరీక్షిస్తే షుగరు అదుపులో ఉన్నట్టే కనబడుతుంది. నేడు పట్టాలు అందుకుంటున్న నర్సులు వార్డులో మొదట మార్చవలసిన అలవాటు ఇదే. మధ్యాహ్న భోజనమైన రెండు గంటలకో, రాత్రి భోజనానికి ముందో వేలు పొడిచి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. డెక్సామెథసోన్ అనే మరో స్టెరాయిడ్ తీరు వేరు: దాని పని ఒక రోజు దాటినా సాగుతుంది గనుక పరగడుపు షుగరూ పెరగవచ్చు. కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షనూ కొన్ని రోజులు షుగరును పెంచగలదు. ఆ మాట రోగికి ముందే చెప్పేవారు తక్కువ.

స్టెరాయిడు వల్ల కాలేయం ఎక్కువ గ్లూకోజు తయారుచేస్తుంది, కండరాల మీద ఇన్సులిన్ పట్టు సడలుతుంది, ఆకలీ పెరుగుతుంది. రోగి పథ్యం తప్పాడని మందలిస్తే ఒరిగేదేమీ లేదు. రీడింగులు వేళలతో సహా రాసి డాక్టరుకు చూపితే మందు మోతాదు సవరించడం సులువవుతుంది.

స్టెరాయిడు తగ్గించే వారాల్లో ప్రమాదం తిరగబడుతుంది. ఇన్సులిన్ గానీ షుగరు తగ్గించే గ్లిమెపిరైడ్ బిళ్ల గానీ పాత మోతాదులోనే సాగితే షుగరు పడిపోయి చెమటలు, వణుకు, తికమక వస్తాయి. షుగరుకు భయపడి స్టెరాయిడును ఒక్కసారిగా ఆపేయడం అంతకన్నా ప్రమాదం. వారాల తరబడి వాడినవారిలో అడ్రినల్ గ్రంథులు ఒంటి సొంత స్టెరాయిడైన కార్టిసాల్ తయారీని తగ్గించి ఉంటాయి. వాంతులతో బిళ్ల కడుపులో నిలవకపోతే ఆ రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

స్టెరాయిడు ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే జ్వరాన్నీ వాపునూ కప్పిపుచ్చుతుంది కాబట్టి పాదాలను రోజూ వేళ్ల సందుల దాకా చూడాలి. నోట్లో తెల్లటి పూతనూ గమనించాలి. ఇన్‌హేలరు వాడేవారు పీల్చాక నోరు పుక్కిలించాలి. ఎముకల బలం, కంటి శుక్లాలు, కంటి ఒత్తిడి డాక్టరు పరీక్షలో తేలేవి. ఆ పరీక్షలకు గడువు గుర్తుచేయడం నర్సు పని.

"ఏ మందులు వాడుతున్నారు?" అని అడిగితే చాలామంది డాక్టరు రాసినవే చెబుతారు. కీళ్లనొప్పులకో ఆయాసానికో ఎవరో ఇచ్చిన పేరులేని పొడి గురించి విడిగా అడగాలి. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు కలిసిన సందర్భాలు ఉన్నాయి. నెలలుగా వాడుతున్న పొట్లాన్ని అక్కడికక్కడే పారేయించకూడదు. దానితో సహా రోగిని డాక్టరు దగ్గరికి పంపాలి.