ఆకాశంలో మనిషి – ఒంట్లో నీళ్లు



రాకేశ్ శర్మ పేరు విన్నారా? హైదరాబాదులో చదువుకున్నారు. 1984 ఏప్రిల్‌లో రష్యావాళ్ల రాకెట్టులో అంతరిక్షానికి పోయి వచ్చారు. మన దేశం నుంచి అక్కడికి పోయిన మొదటి మనిషి ఆయనే. అక్కడ సాల్యూట్-7 అనే ఆకాశపు ఇంట్లో ఉన్నారు.

ఆయన పోవడానికి రెండేళ్ల ముందు, 1982లో, అదే ఇంట్లో ఒక రష్యా మనిషికి భరించలేని నొప్పి లేచింది. కిడ్నీలో రాయి అనుకున్నారు. దవాఖాన చూస్తే భూమి మీద ఉంది. పని ఆపి కిందికి దించాలా అని కూడా ఆలోచించారు. అంతలో నొప్పి దానంతట అదే తగ్గింది.

మంచి ఆరోగ్యం ఉన్నవాళ్లనే ఏరి పంపుతారు కదా! మరి వాళ్లకు రాయి ఎట్లా వస్తుంది?

ముందు కిడ్నీల సంగతి. మేకను కోసినప్పుడు గుర్దాలు అంటాం, అవే. మనిషికీ రెండుంటాయి. వీపు దిక్కు, పక్కటెముకల దగ్గర, ఒక్కొక్కటి పిడికిలంత. రోజుకు 180 లీటర్ల నీరు వడపోస్తాయి. ఒంట్లో అన్ని నీళ్లు యాడివి అంటారా? ఉన్న నీళ్లే మళ్లీ మళ్లీ వస్తాయి. దాదాపు అన్నీ తిరిగి రక్తంలోకే పోతాయి. లీటరు, లీటరున్నర మాత్రం మురికితో కలిసి మూత్రమై బయటికొస్తుంది.

పొద్దంతా నిలబడి పనిచేస్తే కాళ్లు ఉబ్బుతాయి. భూమి గుంజడం వల్ల నీరు కాళ్లలోకి దిగుతుంది. ఆకాశంలో ఆ గుంజుడు తెలియదు, మనిషి గాలిలో తేలుతుంటాడు. కాళ్లలోని నీరు ఛాతీకి, తలకు ఎక్కుతుంది. మొహం ఉబ్బుతుంది. కాళ్లు కొంగ కాళ్ల లెక్క సన్నబడతాయి. అప్పుడు ఒళ్లు మోసపోతుంది. నీళ్లు మస్తుగ ఉన్నాయనుకుంటుంది. దాహం తగ్గుతుంది. కొద్ది రోజులకే రక్తంలోని నీరు నూటికి పది, పదిహేను పాళ్లు తగ్గుతుంది.

ఇంకొకటి. బరువు మోయని ఎముక గుల్లబారుతుంది. అందులోని సున్నం మూత్రంలోకి దిగుతుంది. నీరు తక్కువ, సున్నం ఎక్కువ. ఇంకేముంది, రాళ్లు కడతాయి.

అందుకే ఇప్పుడు పోయేవాళ్లు రోజూ కసరత్తు చేస్తారు. దాహం కాకున్నా నీళ్లు తాగుతారు. రాజాచారి అనే ఆయన 2021 నవంబరు నుంచి 2022 మే దాకా 177 రోజులు అక్కడ ఉండి వచ్చారు. ఆయన తండ్రి హైదరాబాదు నుంచి అమెరికా పోయినవారు. ఇట్లా పోయినవాళ్లు దిగే ముందు ఉప్పు బిళ్లలు వేసుకొని నీళ్లు తాగుతారు. లేకుంటే భూమి మీద లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. విరేచనాలైన పిల్లకు ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు పడతాం కదా, ఇదీ అసుంటిదే.

ఇప్పుడు కింది సంగతి. కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు ఎండ ఎట్లుంటదో చెప్పే పని లేదు. పత్తి చేన్ల కలుపు తీసే ఆమె పొద్దంతా చెంబెడు నీళ్లతో గడుపుతుంది. దాహం లేక కాదు. ఒంటికి పోవడానికి చాటు లేక. ఆకాశంలో ఒళ్లు మోసపోయి నీళ్లు తగ్గిస్తుంది. ఇక్కడ ఆమె తెలిసే తగ్గిస్తుంది. కిడ్నీకి మాత్రం రెండూ ఒకటే.

మూత్రం చిక్కబడితే రాళ్లు కట్టవచ్చు. ఆపుకుంటే మంట, జ్వరం రావచ్చు. మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే నీళ్లు సరిపోతున్నట్టు. ముదురు పసుపు అయితే ఇంకా తాగాలి. పక్కలో మొదలై గజ్జల దాకా నొప్పి గుంజినా, మూత్రంలో రక్తం పడినా, చలిజ్వరం వచ్చినా దవాఖానకు పోవాలి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పినన్ని నీళ్లే తాగాలి.

ఇప్పటి ఆకాశపు ఇంట్లో ఏడుగురి దాకా ఉంటారు. వాళ్లకు మరుగుదొడ్డి ఉంది. వాళ్ల మూత్రాన్నే శుభ్రం చేసి తాగే నీళ్లు చేసుకుంటారు. అంత మిషన్ ఇక్కడెందుకు? ముప్పై మంది కలుపుకు దిగే చేను గట్టున నాలుగు కట్టెలు పాతి, చుట్టూ గోనెపట్టాలు కడితే చాటు అవుతుంది. ఈసారి కూలి మాట్లాడేటప్పుడు ఆ నాలుగు కట్టెల సంగతి కూడా అడగండి.