ముందు ఎవర్ని చూడాలి?



పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి ముందు అక్కలు చెప్పారు. మేము ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెబుతాం. మేము నర్సులం కాదు. మా ఊరి ఏఎన్ఎమ్ గారి దగ్గర, ఆశా అక్క దగ్గర నేర్చుకున్నదే చెబుతున్నాం.

మొన్న వానాకాలంలో మా సభ్యురాలి ఇంట్లో ఇద్దరికి ఒకేసారి బాగోలేదు. పెద్ద పిల్లాడికి విరేచనాలు. తల్లి ఐదు రోజుల బాలింత. పిల్లాడి ఏడుపుకి ఇల్లంతా వాడి చుట్టూనే ఉంది. ఏఎన్ఎమ్ గారు వచ్చి చూస్తే వాడికి కన్నీళ్లు వస్తున్నాయి, ఇచ్చిన నీళ్లు తాగుతున్నాడు. వాడికి ఓఆర్ఎస్ పట్టమని చెప్పి, మూలన మాట్లాడకుండా పడుకున్న తల్లి దగ్గరికి వెళ్లారు. నాడి పట్టారు, బట్ట చూశారు, పొత్తికడుపు తడిమారు. వెంటనే 108కి ఫోన్ చేయించారు. ఇద్దరూ బాగయ్యారు. "ఏడ్చేవాళ్లను అందరూ చూస్తారు, నోరెత్తని మనిషిని మీరు చూడండి" అన్నారావిడ.

బాలింతకి మొదటి రోజు చాలా ప్రమాదం. తర్వాత కూడా 42 రోజులు కనిపెట్టి ఉండాలి. బట్ట గంటలోపే తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా, చలిజ్వరం, చెడు వాసన ఉన్నా ఆగొద్దు. విపరీతమైన తలనొప్పి, కళ్లు మసకలు, ఫిట్స్ వస్తే అది గుర్రపువాతం. కాన్పయ్యాక కూడా వస్తుంది. ఆయాసం వచ్చినా, ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టినా ఆస్పత్రికే. "మైల రక్తం పోతుందిలే" అని ఊరుకోవద్దు.

విరేచనాల్లో ప్రాణం తీసేది ఒంట్లో నీళ్లు పోవడం. కళ్లు లోతుకు పోయాయా, ఒంటికి పోస్తున్నాడా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే నెమ్మదిగా పోతోందా చూడండి. మత్తుగా ఉన్నా, తాగలేకపోయినా, రక్తం పడినా ఆస్పత్రికి పోవాలి. లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి మొత్తం కలిపి, చెంచాతో కొంచెం కొంచెం పట్టాలి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. వాంతి అయితే పది నిమిషాలాగి మళ్లీ పట్టాలి. పిల్లలకి జింకు బిళ్లలు 14 రోజులు వెయ్యాలి. తల్లిపాలు ఆపొద్దు. బాలింతకి విరేచనాలైనా పాలివ్వొచ్చు. పథ్యం పేరుతో ఆమెకి నీళ్లు తగ్గించొద్దు.

ఉప్పు, చక్కెర నీళ్లే కదా అని తేలిగ్గా తీసుకోకండి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బెంగాల్‌లోని బనగావ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఇలాంటి నీళ్లే తాగించి వేలమందిని బతికించారు.

ఇక డబ్బు మాట. 2011 నుంచి జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద సర్కారు ఆస్పత్రిలో కాన్పుకి, మందులకి, రక్తానికి, బండికి డబ్బు కట్టక్కర్లేదు. అయినా పై ఖర్చుకి చేతిలో రూపాయి లేక ఇంట్లో తెల్లారేదాకా ఆగుతారు. అందుకని మా సంఘం ఒక ఏర్పాటు చేసుకుంది. బాలింతకి గానీ, పసిబిడ్డకి గానీ ప్రమాదమైతే సమావేశం దాకా ఆగం. ఇద్దరు లీడర్లు చాలు, అంతర్గత అప్పు ఇచ్చి పంపిస్తారు. తీర్మానం తర్వాత రాసుకుంటాం.

మీ సంఘాల్లోనూ ఈ తీర్మానం చెయ్యమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.