సర్వరు నందలి డిస్కులను గుర్తించు విధము
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రాజపాళయము వీధిలో నిలిచి "రాజుగారూ!" అని పిలిచినచో నలుగురైదుగురు ఒక్కసారే వెనుదిరిగి చూతురు. అందువలననే ఇచ్చటి పెద్దలు ఇంటిపేరడిగి, ఏ కోటవారో అడిగి, తండ్రి పేరు అడిగిన పిదపనే మనిషిని ఫలానా అని నిర్ణయింతురు. పాఠశాలలోను ఇదియే పద్ధతి. హాజరు పట్టీలోని వరుస సంఖ్య ప్రతి సంవత్సరము మారును. ప్రవేశ రిజిస్టరులోని సంఖ్య మాత్రము మారదు. ముప్పది యేండ్లకు వచ్చి ధ్రువపత్రము కోరిన పూర్వ విద్యార్థికి ఆ సంఖ్యయే ఆధారము.

కంప్యూటరు లోకములోను ఇట్టి రెండు విధముల గుర్తులు కలవు. వాని భేదము నెరుగనందున జరుగు నష్టము సామాన్యమైనది కాదు. నేడు పాఠశాలల ప్రవేశ రిజిస్టర్లు, మార్కుల జాబితాలు, పాత ఛాయాచిత్రములు డిస్కులలోనికి చేరుచున్నవి. తమిళనాట తెలుగు మాధ్యమమున చదివిన తరముల వారికి ఆ పుటలే సాక్ష్యము. ఒక డిస్కును మరియొక డిస్కుగా పొరబడి చెరిపినచో ఆ సాక్ష్యము నశించును.

అనేకులకు ఏకకాలమున సేవలందించు కంప్యూటరునకు సర్వరని పేరు. దానికి సాధారణముగా తెరయు ఉండదు, మౌసు ఉండదు. అది ఎక్కడో ఒక గదిలో ఉండును. నిర్వాహకుడు వేరొక చోట కూర్చుండి అక్షరములతో ఆజ్ఞలు టైపు చేయును. 1956లో ఐబిఎం సంస్థ విడుదల చేసిన తొలి డిస్కు యంత్రములో 24 అంగుళముల వ్యాసము గల పళ్లెములు 50 ఉండెను. అవి అన్నియు కలిసి దాచినది 50 లక్షల అక్షరములు మాత్రమే. అంతటి యంత్రమును గుర్తించుట కష్టము కాదు. నేడు అరచేతిలో ఇమిడెడు డిస్కులు ఒకే పెట్టెలో పన్నెండో, ఇరువదినాలుగో ఒకే రూపున వరుసగా నుండును. చిక్కు ఇచ్చటనే కలదు.

ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్స్ పై నడచు సర్వరును ఉదాహరణగా గైకొందురు గాక. మొదట 'ఎల్‌ఎస్‌పిసిఐ' అను ఆజ్ఞ నీయవలెను. డిస్కులను నడపు నియంత్రక పరికరము ఏ సంస్థ చేసినదో, ఏ రకమైనదో దానివలన తెలియును. తరువాత 'ఎల్‌ఎస్‌బిఎల్‌కె' అను ఆజ్ఞ నిచ్చిన, డిస్కులును వాని విభాగములును చెట్టు కొమ్మలవలె తెరపై కనిపించును. వాటి పేర్లు ఎస్‌డిఎ, ఎస్‌డిబి, ఎస్‌డిసి అని సాగును. ఎన్‌విఎంఇ రకపు వానికి పేరు వేరుగా నుండును.

ఈ పేర్లే హాజరు పట్టీలోని వరుస సంఖ్యల వంటివి. యంత్రము ఆరంభమైనప్పుడు డిస్కులు కనుగొనబడిన క్రమమున ఇవి ఏర్పడును. ఒక డిస్కు తీసినను, క్రొత్తది చేర్చినను, యంత్రమును ఆపి తిరిగి నడపినను నిన్నటి ఎస్‌డిబి నేడు ఎస్‌డిసి కావచ్చును. కావున ఆ పేరు నమ్మి డిస్కును చెరుపుట, పెరికి తీయుట తగదు.

ప్రవేశ సంఖ్య వంటిది కర్మాగారమున ప్రతి డిస్కునకు ఇచ్చిన క్రమసంఖ్య. అది డిస్కుపై అంటించిన చీటీలో ముద్రింపబడియుండును. డిస్కు లోపలను వ్రాయబడియుండును. ఎల్‌ఎస్‌బిఎల్‌కె ఆజ్ఞకు పేరు, పరిమాణము, మోడలు, క్రమసంఖ్య, వినియోగ స్థానము అను వరుసలు కావలెనని చేర్చి యడిగిన అన్నియు ఒక్క పట్టికలో వచ్చును. 'స్మార్ట్‌సిటిఎల్' అను ఆజ్ఞ క్రమసంఖ్యతోబాటు డిస్కు ఆరోగ్యమును, అది పనిచేసిన గంటలను కూడ తెలుపును.

ఇచ్చట పరిమాణమును గురించి ఒక మాట. 500 జీబీ అని కొనిన డిస్కు తెరపై సుమారు 465 అని కనిపించును. అమ్మకందారుడు మోసగించెనని తలపరాదు. విక్రేత వేయిని వేయిచే హెచ్చించి లెక్కించును. ఈ ఆజ్ఞ 1024ను 1024చే హెచ్చించి లెక్కించును. కొలపాత్ర మారినదే గాని ధాన్యము తగ్గలేదు.

మరియొక చిక్కు కలదు. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు ప్రకటించిన పరిశోధన పత్రముతో 'రెయిడ్' అను పద్ధతి ప్రసిద్ధమాయెను. పలు డిస్కులను కట్టగట్టి ఒకటిగా వాడుట దాని సారము. ఐదవ రకపు రెయిడులో ఒక డిస్కు చెడినను తక్కినవి పని సాగించును. అయితే చెడినదానిని తీయబోయి మంచిదానిని తీసినచో సమూహమంతయు నిలిచిపోయి, సమాచారము కోలుపోవు ప్రమాదమేర్పడును. పైగా కొన్ని నియంత్రకములు లోపలి డిస్కులను మరుగుపరచి, సమూహమును ఒకే డిస్కుగా చూపును. అప్పుడు స్మార్ట్‌సిటిఎల్ ఆజ్ఞకు నియంత్రకపు రకమును చేర్చియో, తయారీదారు ఇచ్చిన ఉపకరణమును వాడియో లోపలి వాని నొక్కొక్కటిగా ప్రశ్నింపవలెను.

క్రమసంఖ్య తెలిసిన పిమ్మట అది పెట్టెలో ఏ అరలో నున్నదో తెలియవలెను. అందుకు సౌకర్యము గల సర్వర్లలో 'లెడ్‌సిటిఎల్' అను ఆజ్ఞతో ఆ అర దీపమును వెలిగింపవచ్చును. డిస్కును వెలికి తీసిన తరువాత చీటీలోని సంఖ్యను తెరపై సంఖ్యతో మరల సరిచూచుట చివరి మెట్టు. ఈ సరిచూపునకు పట్టునది ఒక నిమిషము మాత్రమే.

నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1994లో ట్యూరింగ్ పురస్కారమును పొందిన ఆచార్య రాజ్ రెడ్డి పదిలక్షల గ్రంథములను కంప్యూటరులో భద్రపరచు ఉద్యమమునకు మార్గదర్శకులైరి. అందు భాగముగా వేలాది తెలుగు గ్రంథములు అక్షర నాశము నుండి తప్పించుకొనినవి. పుస్తకము చెదపట్టిన నాడు కంటికి కనిపించును. డిస్కు చెడుట కనిపించదు. కావున నకళ్లు వేర్వేరు చోట్ల ఉంచుట, ఏ నకలు ఏ డిస్కులో నున్నదో ఎరిగియుండుట అవశ్యము.

ఇందుకు గొప్ప ఖర్చు అక్కరలేదు. ఒక గీతల నోటుపుస్తకము చాలును. డిస్కు క్రమసంఖ్య, కొనిన తేది, ఉంచిన అర, అందున్న విషయము, నకలు ఉన్న చోటు: ఈ ఐదింటిని సిరాతో వ్రాసి కార్యాలయపు బీరువాలో ఉంచవలెను. సర్వరు మూగవోయిన నాడు సర్వరులోని జాబితా అక్కరకు రాదు. కంప్యూటరు రంగమున స్థిరపడిన పూర్వ విద్యార్థులు సెలవులకు ఊరు వచ్చినప్పుడు తాము చదివిన పాఠశాలకు ఒక పూట వెచ్చించి ఈ పట్టికను సరిచూచినచో, అది నగదు విరాళమునకు తీసిపోదు.

డెబ్బది ఐదేండ్లుగా ప్రవేశ రిజిస్టరులో ఒక్క సంఖ్యయు తారుమారు కాకుండ కాపాడిన గుమాస్తాలు, ఉపాధ్యాయులు ఈ విద్యను కంప్యూటరు రాకముందే ఎరిగినవారు. వారి జాగ్రత్త క్రొత్త పనిముట్టునకును సంక్రమించుగాక.

స్వస్తి.