తాళం కంపెనీది, నష్టం రైతుదా?

(రైతు సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించో, కౌలు రైతుల గుర్తింపు గురించో మాట్లాడాల్సిన చోట ఫోన్ గురించి మాట్లాడుతున్నానేమిటని అనుకోవచ్చు. కానీ ఈ రోజు ధాన్యం డబ్బు, పీఎం కిసాన్ విడత, బ్యాంకు లావాదేవీల సమాచారం అన్నీ ఫోన్‌కే వస్తున్నాయి. ఆ నంబరు ఇతరుల చేతిలో పడితే కళ్లంలో ధాన్యం పోయినట్టే.

ముందుగా బ్రిటన్‌లో జరిగిన ఒక వ్యవహారం చెబుతాను. అక్కడ వాయిస్ మెయిల్ వాడకం ఎక్కువ. ఫోన్ ఎత్తకపోతే అవతలివాళ్లు మాట రికార్డు చేసి పెడతారు. దాన్ని వేరే ఫోన్ నుంచి కూడా వినవచ్చు, నాలుగంకెల పిన్ కొడితే చాలు. చాలామందికి కంపెనీ ఇచ్చిన పిన్నే ఉండిపోయింది, అదీ 1234 లాంటిది. పిన్ తెలియకపోతే కంపెనీ సిబ్బందిలా నటించి మార్పించుకున్నారు. 'న్యూస్ ఆఫ్ ది వరల్డ్' పత్రిక కోసం ఇలా రాజకుటుంబం సిబ్బంది సందేశాలు విన్న ఒక విలేకరికి, ఒక ప్రైవేటు డిటెక్టివ్‌కు 2007లో జైలుశిక్ష పడింది. 2002లో హత్యకు గురైన ఒక బాలిక ఫోన్ సందేశాలనూ విన్నారని 2011లో బయటపడేసరికి దేశమంతా మండిపడింది. ఆ జూలైలోనే 168 ఏళ్ల ఆ పత్రిక మూతపడింది.

ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. విన్నవాళ్లది నేరమే. కానీ అందరికీ తెలిసిన తాళం పెట్టి వదిలేసింది ఎవరు? కంపెనీలు. తర్వాత అవి పద్ధతి మార్చుకున్నాయి. వినియోగదారు సొంత పిన్ పెట్టుకుంటే తప్ప బయటి ఫోన్ నుంచి వినే వీలు లేకుండా చేశాయి. ఆ పని మొదటే చేసి ఉండవచ్చు కదా!

మన దగ్గర వాయిస్ మెయిల్ తక్కువే. కానీ అలాంటి తలుపే ఇంకొకటి ఉంది, కాల్ ఫార్వర్డింగ్. "టెలికాం ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ సిమ్ ఆగిపోతుంది, స్టార్ 401 స్టార్ కొట్టి ఈ నంబరు నొక్కండి" అంటారు. నొక్కామంటే మనకు రావాల్సిన కాల్స్ వాళ్లకు పోతాయి. ఓటీపీ మెసేజ్ అలా పోదు కానీ, కాల్ చేసి చెప్పే ఓటీపీ పోతుంది. దాంతో వాట్సాప్ ఖాతా పట్టేసి, మన పేరుతో బంధువులను డబ్బు అడుగుతారు. ఈ మోసాలు పెరగడంతో, 2024 ఏప్రిల్ 15 నుంచి ఇలాంటి కోడ్లతో కాల్ ఫార్వర్డింగ్ ఆపాలని టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. మంచిదే, కానీ ఎంతోమంది నష్టపోయాకే వచ్చింది.

డబ్బు పోయాక "కోడ్ నొక్కింది నువ్వే, ఓటీపీ చెప్పింది నువ్వే" అంటారు. వినియోగదారు, బ్యాంకు ఇద్దరి తప్పూ లేని మోసంలో మూడు పనిదినాల్లో తెలియజేస్తే నష్టం ఖాతాదారుపై పడదని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో చెప్పింది. కానీ ఓటీపీ చెప్పాడని తేలితే, ఫిర్యాదు చేసేలోపు పోయిన డబ్బు ఖాతాదారుదే. చదువు రాని రైతును నమ్మించి మోసం చేస్తే అది అతని నిర్లక్ష్యమా?

అందుకే మన డిమాండ్లు మూడు. ఫోన్‌లో వాయిస్ మెయిల్, కాల్ ఫార్వర్డింగ్ వంటి సదుపాయాలు మూసే ఉండాలి, అడిగినవారికే తెరవాలి. కాల్స్ మరో నంబరుకు మళ్లితే వెంటనే తెలుగులో హెచ్చరిక రావాలి. నిరూపణ భారం రైతుపై కాక కంపెనీపై, బ్యాంకుపై ఉండాలి.

అవి సాధించేదాకా మన జాగ్రత్త మనది. స్టార్ హాష్ 21 హాష్ కొట్టి కాల్స్ ఎక్కడికైనా మళ్లుతున్నాయేమో చూడండి. అది పనిచేయకపోతే కాల్ సెట్టింగ్స్‌లో చూడండి. వాట్సాప్‌లో రెండంచెల పిన్ పెట్టుకోండి. పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైల్ తెరవకండి. దుకాణంలో ఓటీపీ కోసం ఫోన్ చేతికివ్వకండి, అది ఎందుకో అడిగి, చదివించుకుని, తర్వాతే చెప్పండి. మోసపోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930కి, బ్యాంకుకు ఫోన్ చేయండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి, సంఘానికి చెప్పండి.

ఒంటరిగా వెళితే తప్పు నీదే అంటారు. పదిమందిమి కలిసి వెళితే జవాబు చెప్పాల్సిందే.