మండెకట్టిన గింజ, వేచిన గింజ



మండెకట్టుట యననేమో మా మండపేట ప్రాంతపు రైతులకు నేను చెప్ప బనిలేదు. గోదావరి కాలువల క్రింద వరి పండించువారు విత్తనపు వడ్లను ఒక దినము నానవేసి, గోనెలో మూటగట్టి, గడ్డి కప్పి బరువుంచి, ముక్కు పగిలినంతనే నారుమడిలో చల్లుదురు. ఆ మూటలో చేయిడిన వెచ్చగా నుండును. లోపలి గింజ యూపిరి దీయుచున్నది గావున నా వెచ్చదనము. చోళ్ళను, అనగా రాయలసీమవారి రాగులను, తెలంగాణమువారి తైదలను, ఇట్లే మండెకట్టి పిండిచేసిన నదియే మాల్టు. దానినిగూర్చి నేడు మనవి చేసెదను.

గింజలోని పిండి మొలకకు దాచియుంచిన దారిబత్తెము. మొలక పొడసూపగనే యా పిండిని చక్కెరగా మార్చు పదార్థ మొకటి గింజలో బుట్టును. 1833లో పయెన్, పెర్సోజ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు మొలకెత్తిన బార్లీనుండి దానిని వేఱుచేసి డయాస్టేజ్ అని పేరిడిరి. ఐరోపాలో నింట బీరు కాచుకొనువారు మొలకబార్లీని వేడినీట నానవేసి, తీపినీరు దీసి పులియబెట్టుట యీ గుణము నాశ్రయించియే. కోరాపుట్టు కొండలలోని గిరిజనులు చోళ్ళతో లందా యను పానీయమును చేసికొందురు.

వేచిన గింజ తీరు వేఱు. 1817లో డేనియల్ వీలర్ అను నాంగ్లేయుడు, కాఫీగింజలను వేచునట్లు మొలకబార్లీని ఇనుపపీపాలో ద్రిప్పి నల్లగా వేచు పద్ధతికి పేటెంటు పొందెను. ఆ నల్లగింజ పిడికెడు చాలును, కాగునీరంతయు కాఫీరంగు దేలును. కాని పిండిని కరగించు శక్తి దానియందు మిగులదు; అది వేడికి చచ్చును. కావుననే వారు వేపని మాల్టు నధికముగా వేసి, నల్లదానిని రంగునకును రుచికిని మాత్రము చేర్తురు.

మన యిండ్లలో జరుగు పొరపాటిదియే. మొలకచోళ్ళను కమ్మని వాసనకై యెఱ్ఱగా వేచి విసరుదురు. వాసన నిజముగా బాగుండును, కాదనను. అయితే యా పిండితో కాచిన జావ ముద్దగట్టును. ఆఱు నెలలు దాటిన పసిబిడ్డ దానిని మ్రింగలేదు. తల్లి నీళ్ళుపోసి పలుచన చేయును. బిడ్డ బొజ్జ నిండును గాని యందధికభాగము నీరే. నూఱు గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియ మున్నను, చెంచాడు పిండితో బిడ్డకు ముట్టునది యెంత?

చోళ్ళను కడిగి, ఒక రాత్రి నానవేసి, తడిగుడ్డలో మూటగట్టి, నీళ్ళు చిలుకరించుచు రెండు దినములుంచవలెను. తరువాత గలగలలాడునట్లెండబెట్టి, అరచేత నలిపి, చాటతో చెరిగిన మొలకలు రాలిపోవును. ముసురు దినములలో నీ పని తలపెట్టరాదు. బూజువాసన తగిలిన గింజను పశువులకైనను పెట్టరాదు. ఎండిన దానిలో నధికభాగమును దోరగా వేచి విసరుడు. కొంత వేపకయే విసరి వేఱు డబ్బాలో నుంచుడు.

వేచిన పిండితో చిక్కని జావ కాచి దింపుడు. వేలుపెట్టి వెంటనే తీయవలసినంత వేడికి చల్లారినప్పుడు, గిన్నెడు జావకు చిన్న చెంచాడు వేపనిపిండి కలిపి త్రిప్పుడు. కొంతసేపటికి ముద్ద జాఱి, పలుచనై, తియ్యనగును. మరల నొక పొంగు రానిచ్చి దింపుడు. పచ్చిపిండిలోని క్రిములు దానితో నశించును. మరుగుచున్న జావలో మాత్రము వేయకుడు, శక్తి చచ్చును. బరోడాలో తారా గోపాల్‌దాస్ గారు 1980 దశాబ్దమున పరిశోధించినది యీ పద్ధతినే. మైసూరు ఆహార పరిశోధనాలయమున మల్లేశి, దేశికాచారి గార్లును చోళ్ళ మాల్టుపై కృషిచేసిరి.

జొన్నలకు పనికిరాదా యని యడుగవచ్చును. వానికిని ఈ గుణము కలదు. కాని లేతజొన్న మేసిన పశువు పడిపోవుట మీరెఱిగినదే. ఆ విషము జొన్నమొలకయందును ఉండును. మొలకలను పూర్తిగా రాల్చనిదే వాడరాదు. పసిబిడ్డలకు నేను చోళ్ళనే చెప్పుదును.